నీళ్లు నిలిచే గిన్నె

పోయిన వారం మనం పేజీ మడిచేసరికి సిద్దిపేటలో, ఇత్తడి కరిగించే బట్టీ షెడ్డులో, జైనబ్ బీ నోరు తెరిచి ఉంది. ఆ నోరు ఇంకా మూతపడలేదు. అక్కడినుంచే అందుకుందాం.

వెనకటి సంగతి మరిచినవాళ్లకు నాలుగు ముక్కలు. బోరు మోటార్లకు ఇత్తడి బుష్షులు పోసే ఫజల్ రెండేళ్ల కింద కన్నుమూస్తే, ఇరవై ఆరేళ్ల కూతురు అర్షీన్ బట్టీని చేతికి తీసుకుంది. పాత ఇత్తడి కోసం హైదరాబాదు దళారుల చుట్టూ తిరిగి తిరిగి విసిగి, తండ్రి స్నేహితుడు మిరుదొడ్డి మహేందర్ మాట మీద గల్ఫ్ నుంచి నేరుగా ఒక కంటెయినర్ తుక్కు తెప్పించింది. బేరం మహేందర్ కుదిర్చాడు. లైసెన్సు అర్షీన్ పేరు, కాగితాల మీద సంతకం అర్షీన్ది. మహేందర్ టైపు చేసే టైపు కాదు. చెప్పవలసిందంతా ఫోనులో వాగి వాయిస్ మెసేజిగా పంపుతాడు. ఒక్కోటి హరికథంత పొడుగు. అర్షీన్ మొదటి నిమిషం విని, "సరే కాకా" అని జవాబిచ్చి, మిగతాది అల్లాకు వదిలేసేది.

ఇత్తడి తుక్కుకు సుంకం నామమాత్రం. ఇత్తడి సామానుకైతే వీపు మీద వాత. తుక్కు పేరుతో సామాను దించుతున్నారని ఎవరో ఫోను చేశారట. కంటెయినర్ వచ్చి వారం తిరక్కుండానే కస్టమ్స్ సూపరింటెండెంటు రాంచందర్ సంకలో ఫైలుతో, ఫైలులో సుంకంతో షెడ్డులోకి దిగాడు. ఆయన ఏమీ అడగకముందే అర్షీన్ నాయనమ్మ జైనబ్ బీ, డెబ్బై నాలుగేళ్ల మనిషి, నడుం మీద చేతులు పెట్టుకుని ఇలా అన్నది:

"నీళ్లు నిలిచే గిన్నెను మేం కరగనియ్యం సార్. మా మామ కాలం నుంచి కట్టడి. బస్తా ఇప్పంగనే ఒక్కొక్కదాంట్ల నీళ్లు పోసి చూస్తం. కారితే బట్టీకి. నిలిస్తే అగో, గా అరుగు మీదికి."

అరుగు మీద నలభై రెండు ఇత్తడి గిన్నెలు. ఒక్కోదాని కడుపు మీద సుద్దతో ఒక గీత.

రాంచందర్ పెన్ను గాలిలోనే ఆగింది. ఆమె చెప్పింది ఇంటి ఆచారం. ఆయనకు వినబడింది వాంగ్మూలం. నోటి మాటతో నోటీసు తెచ్చిపెట్టుకోవడం అంటే ఇదే.

అర్షీన్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. "దాదీ! నువ్వు జర ఊకో!"

"ఎందుకు ఊకుంట? మనమేమన్న దొంగతనం చేసినమా?"

"చేయలే. చేసినట్టు నువ్వే చెప్తున్నవ్!"

రాంచందర్ కళ్లద్దాలు సర్దుకున్నాడు. లంచం అడిగే రకం కాదు, అరిచే రకం కాదు. అటువంటి వాళ్లతోనే అసలు చిక్కు. బట్టీ ముందు నిలబడి, బట్టీ పట్టిన నిర్వచనం వల్లించాడు.

"విరిగి గానీ, తెగి గానీ, అరిగి గానీ, మరే కారణం చేత గానీ, ఉన్నది ఉన్నట్టుగా వాడుకోవడానికి ఖాయంగా పనికిరాని లోహపు వస్తువే తుక్కు. ఖాయంగా, అమ్మా. ఆ మాట ముఖ్యం."

"అరిగితే తుక్కేనా?" జైనబ్ బీ ముందుకొచ్చింది. "నా మోకాళ్లు రెండూ అరిగినయ్. దవాఖానల ఫోటో గూడ తీసిన్రు. నన్ను గూడ గా ఫైల్ల రాసుకో!"

బట్టీ దగ్గర నిలబడ్డ పోశయ్యకు నవ్వొచ్చింది. నవ్వు కాస్తా దగ్గులోకి దిగింది. రెండు పొడుగు దగ్గులు, ఒక పొట్టిది. ముప్పై ఏళ్లుగా ఈ పొగలోనే ఇత్తడి పోసినవాడు. మంట రంగు చూసి లోహం ఎప్పుడు పాకానికొచ్చిందో చెప్పడం అర్షీన్‌కు నేర్పింది అతనే. జైనబ్ బీ అటు తిరక్కుండానే గూట్లోని మిరియాల కషాయం చెంబు తీసి అతని చేతిలో పెట్టింది. ఆ దగ్గుకు ఆ చెయ్యి అట్లా అలవాటు పడిపోయింది.

"సార్," అన్నది అర్షీన్. "ఇరవై బస్తాలు ఇప్పితే నలభై రెండు గిన్నెలు ఎల్లినయ్. మిగిలిందంత చిల్లులు, సొట్టలు, తెగిన నల్లాలు. బియ్యంల నాలుగు వడ్లుంటే బస్తా అంతా వడ్లయితదా?"

"నాలుగు వడ్లు వేరమ్మా. వీటిని మీరే వేరు చేశారు. మీరే గీత గీశారు. ఇవి పనికొస్తాయని మీ సుద్దముక్కే చెప్తోంది. ఇంతకీ ఇవి ఎవరికిస్తారు?"

"ఎవరడిగితే వాళ్లకు," అన్నది జైనబ్ బీ. "ఎండకాలం మిద్దెల మీద పిట్టలకు నీళ్లు పెట్టుకుంటరు."

రాంచందర్ రాసుకున్నాడు. "వాడుక ఉందన్నమాట."

"అయితే సుంకం గా పిట్టలకు రాసి పంపున్రి!" అర్షీన్ చేతిలోని పట్టకారు నేలకేసి కొట్టింది. షెడ్డంతా గంట కొట్టినట్టు మోగింది.

ఆయన బెదరలేదు. జరగబోయేది నిదానంగా చెప్పాడు. సాయంత్రానికి పంచనామా. ఇది సామానే అని తేలితే సరుకు జప్తు, షెడ్డుకు సీలు, లైసెన్సుకు గండి. తుక్కు అని సంతకం పెట్టిన మనిషి మీద తప్పుడు ప్రకటన కేసు.

సంతకం పెట్టిన మనిషి బట్టీ వైపు చూసింది. ఫజల్ పోయిన రోజున కూడా ఆ నిప్పు ఆరలేదు. జనాజా నుంచి వచ్చి పోశయ్య బొగ్గు వేశాడు. గోడ మీద తండ్రి పేరు కింద తన పేరు రాయించుకుని ఏడాది కాలేదు. ఇత్తడి పని చేసే ఇంట్లో అంతా ఇత్తడయ్యే రోజు ఇదేనేమో. కంటెయినర్ కోసం ఎదురుచూసిన కళ్లకు ఇప్పుడు కంటినీరే దిక్కా? ఏడవను అనుకుంది. ఏడిస్తే ఒప్పుకున్నట్టు రాసుకుంటాడు ఈ మహానుభావుడు.

"బిడ్డా, తమాయించుకో." మహేందర్ భుజం మీద చెయ్యి వేశాడు. తెల్లచొక్కా, వేలికి పగడపు ఉంగరం. పొద్దున్నే కబురు తెలిసిన వెంటనే వచ్చి సాయంగా నిలబడ్డాడు పాపం. "సార్, చిన్నపిల్ల. గీ నలభై రెండు గిన్నెలకు సామాను లెక్కన సుంకం కట్టేస్తది. అయిపాయె. మిగిలిన బస్తాలన్ని ఇప్పి, కట్టి, మీకెందుకు సార్ గింత తక్లీఫ్?"

"కట్ట!" అర్షీన్ ఆ చెయ్యి దులిపేసింది. "కడితే అబద్ధం రాసినట్టు నేనే ఒప్పుకున్నట్టు. నేను అబద్ధం రాయలే కాకా."

"రాసినవని ఎవలన్నరు బిడ్డా? మంచికి చెప్తున్న."

అప్పుడు కదిలింది జైనబ్ బీ. తన మాట మనుమరాలి మెడకు చుట్టుకుందని ఆమెకు అప్పటికి అర్థమైంది. అర్థమైన వెంటనే సిగ్గుపడే మనిషైతే వేరే సంగతి. ఆమెకు కోపం వచ్చింది. సిగ్గు పడవలసిన చోట కోపం తెచ్చుకోవడం ఆ ఇంటి ఆడవాళ్లకు తరతరాల ఆస్తి.

"పోశయ్యా! ఇంట్లకెళ్లి చింతపండు తే. ఉప్పు తే. సార్, పొద్దు పది గాలే. నువ్వు నిమ్మళంగ లెక్కవెట్టుకో. పగటి బువ్వకు నేను చారు పోస్త."

వెనక గదిలో స్టీలు గిన్నెలో చారు కాచింది. పోపు వాసనకు షెడ్డులో కోపాలు కూడా ఒక్క క్షణం ముక్కులు ఎగబీల్చాయి. తర్వాత అరుగు మీది నుంచి, ఆఫీసరు కళ్లముందే, సుద్దగీత ఉన్న గిన్నె ఒకటి తీసి శుభ్రంగా కడిగి, చారు అందులో వంపి, పైన పళ్లెం మూసి ఆయన బల్ల మీదే పెట్టింది. ఎవరూ ముట్టొద్దన్నది. ఆచారం అన్న మాటలో సగానికి పైగా చారే ఉంటుంది కదా. తక్కిన సంగతి ఆమె మధ్యాహ్నం తేల్చదలచుకుంది.

మూడు గంటలు గడిచాయి. రాంచందర్ లెక్కపెట్టాడు, ఫోటోలు తీశాడు, తూకం వేశాడు. అర్షీన్ బట్టీ చుట్టూ పులిలా తిరిగింది. మహేందర్ రెండుసార్లు బయటికి పోయి ఫోను మాట్లాడి వచ్చాడు. గోడకు ఆనించిన వెనక వరుస బస్తాల వైపు రాంచందర్ చూపు పోయినప్పుడు పోశయ్య, "అవి రేపు దించుతం సార్, పైన బరువున్నది, మీద పడ్తయ్," అన్నాడు. దగ్గాడు. రెండు పొడుగు, ఒక పొట్టి.

ఒంటిగంటకు రాంచందర్ డబ్బా విప్పాడు. తెల్లన్నం, వంకాయ కూర. జైనబ్ బీ గిన్నె మీద పళ్లెం తీసింది.

చారు అంచు చుట్టూ పచ్చటి వలయం. గరిటెతో కదిపితే అడుగునుంచి పాచిలాంటి పచ్చదనం లేచింది. కిలుము వాసన గుప్పుమంది. పోపు ఎటుపోయిందో పోయింది.

"పట్టు సార్, డబ్బా ఇటు పట్టు. పోస్త."

రాంచందర్ డబ్బా వెనక్కి లాక్కున్నాడు.

"ఏమైంది? వాడుకోవచ్చన్నవు గద? ఉన్నది ఉన్నట్టుగ పనికొస్తదంటివి గద?" ఆమె గరిటె ఎత్తింది. గరిటె చివర పచ్చటి బొట్టు ఊగుతోంది, ఆయన అన్నానికి సరిగ్గా జానెడు ఎత్తులో. "సామానైతే తాగు. తుక్కైతే రాసి ఇయ్యి. రెండిట్ల ఒకటి చెయ్యి!"

"అమ్మా, ఇది లోపల కళాయి పూత లేక. కళాయి పోయిన గిన్నెలో పులుసు పోస్తే విషం అవుతుందని అందరికీ తెలుసు."

"అందరికి తెల్సు. నీ ఫైలుకే తెల్వది!"

"కళాయి మళ్లీ వేయించుకోవచ్చు కదా?" అన్నాడాయన. ఇదే తన ఆఖరి మెట్టని ఆయన గొంతులోనే తెలిసింది.

అర్షీన్ ఇంకో గిన్నె అందుకుంది. ఇప్పుడు ఆమె కోపానికి ఒక పని దొరికింది. గిన్నె బోర్లించి, అడుగు మీద బొటనవేలు పెట్టి నొక్కింది. ఉల్లిపొరలా లోపలికి కుంగింది. "కళాయి ఎయ్యాలంటే కాల్చాలె సార్. దీన్ని కాలిస్తే అడుగు ఊడి చేతికొస్తది. యాభై ఏండ్లు ఎవరింట్లనో పొయ్యి మీద అరిగింది ఇది. దీంట్ల నీళ్లు నిలుస్తయ్. నిప్పు నిలవది. మా దాదీ గీత గీసింది ఇది పనికొస్తదని కాదు. పిట్టకైన అక్కరకొస్తదేమోనని. గా మాత్రం దయను గూడ సామాను కింద రాస్తరా?"

రాంచందర్ ఆ గిన్నె తీసుకున్నాడు. తనూ నొక్కి చూశాడు. ఇంకో మూడు తీసి నొక్కాడు. పచ్చబడ్డ చారును ఫోటో తీశాడు. తర్వాత కూర్చుని, పొద్దున రాసిన కాగితం అడ్డంగా కొట్టేసి, కొత్త కాగితం మీద పైకి చదువుతూ రాశాడు: "కళాయి పూర్తిగా పోయినది. అడుగు అరిగినది. వంటకు గానీ, నిల్వకు గానీ ఖాయంగా పనికిరాదు. తుక్కు."

తుక్కు! ఆ మాట అంత ముద్దుగా ఎవరి నోటా విని ఉండరు. అర్షీన్ గోడకు చేరగిలబడింది. పొద్దున్నుంచి బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలింది.

కథ అక్కడ ఆగితే ఎంత బాగుండేది! ఆగలేదు. గెలిచిన జైనబ్ బీని ఆపడం ఓడిన జైనబ్ బీని ఆపడం కంటే కష్టం.

"ఇంతేనా సార్? సగం చూసి పోతే రేపు ఇంకోడు ఫోన్ చేస్తడు. గా ఎనక బస్తాలు గూడ చూడు. మా ఇంట్ల దాపరికం లేదు!"

"అమ్మా, అవి రేపు," అన్నాడు పోశయ్య.

"సార్‌కు ఆలస్యమైతుంది," అన్నాడు మహేందర్ అదే క్షణంలో. "నడువున్రి సార్, బయట మంచి ఇరానీ చాయ్ తాగిపిస్త."

అప్పటికే ఆమె వెనక వరుసకు చేరి, అలవాటు ప్రకారం మొదటి బస్తాను కాలితో తన్నింది. తుక్కు బస్తాను తన్నితే గలగలమంటుంది. యాభై ఏళ్లుగా ఆమె చెవికి తెలిసిన పాట. ఈ బస్తా పలకలేదు. రెండోదాన్ని తన్నింది. అదీ మూగదే.

"ఏందిది?" అన్నది జైనబ్ బీ, గొంతు తగ్గించి. "ఇది తుక్కు కాదు."

మళ్లీ అదే నోరు. రాంచందర్ జేబులోంచి చిన్న కత్తి తీసి బస్తా కుట్టు కోశాడు. పైన రెండు సొట్ట గిన్నెలు. వాటి కింద మైనపు కాగితం చుట్టిన కట్టలు. కాగితం చింపితే మూరెడు పొడుగు ఇత్తడి కడ్డీలు, కొత్త పెళ్లికొడుకుల్లా మెరుస్తూ, ఒక్క గీత లేకుండా. రెండో బస్తా అంతే. మూడోది అంతే.

రాంచందర్ ఒక కడ్డీ చేతిలోకి తీసుకున్నాడు.

"ఇవి అరిగినవి కావు," అన్నాడు రాంచందర్. ఆయన గొంతులో మధ్యాహ్నపు మెత్తదనం పోయింది. "వీటిలో చారు పోసి చూపించనక్కర్లేదు. ఈ సరుకు గురించి మీకు తెలుసా, అర్షీన్ గారూ?"

"తెల్వదు!" ఆమె గిర్రున తిరిగింది. "కాకా, ఇదేంది? సరుకు నింపించింది నువ్వు. ఇదేంది?"

మహేందర్ చొక్కా కాలరు సర్దుకున్నాడు. ఆమె వైపు చూడలేదు. ఆఫీసరు వైపు చూసి చెప్పాడు. "నాకేం తెల్సు సార్? నేను తెలిసినోళ్ల నంబర్ ఇచ్చిన, గంతే. లైసెన్సు ఎవలది? సంతకం ఎవలది? గా పిల్లది. గా పిల్లనే అడుగున్రి."

గా పిల్ల. పొద్దున్నుంచి బిడ్డ, రెండేళ్లుగా బిడ్డ, నాయిన జనాజా రోజున వాకిట్లో కూలబడి "నా బిడ్డవు నువ్వు" అని ఏడ్చిన నోటితోనే, ఒక్క మాటలో గా పిల్ల.

అర్షీన్ అరవలేదు. అంతవరకూ అరిచిందంతా చిల్లర కోపమని ఆమెకే తెలిసిపోయింది. ఫోను తీసి పైకి, ఇంకా పైకి జరిపింది. "తుక్కని రాయమన్నది ఈయనే సార్. కాయితాలొచ్చిన రోజు పంపిన మెసేజ్. ఇనున్రి."

మహేందర్ గొంతు షెడ్డంతా నిండింది. "బిడ్డా అర్షీన్, మంచిగున్నవా? దాదీ మంచిగున్నదా? కాయితాలొచ్చినయ్ బిడ్డా. అంతా తుక్కే. తుక్కని రాసి కండ్లు మూసుకోని సంతకం పెట్టు. నేనున్న గద. ఇగ ఉంట బిడ్డా."

"గంతే గద సార్!" మహేందర్ చేతులు చాచాడు. "వాళ్లు తుక్కన్నరు, నేను తుక్కన్న. దీంట్ల తప్పేమున్నది?"

అర్షీన్ ఆపబోయి తెర వైపు చూసింది. నిమిషమే అయింది. మెసేజు పొడుగు పందొమ్మిది నిమిషాలు. ఉంట బిడ్డా అన్నవాడు బటను ఆపడం మరిచాడు. రెండు నెలలుగా ఆమె చివరిదాకా వినని హరికథ ఇంకా నడుస్తూనే ఉంది.

ఫోనులో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు. మళ్లీ మహేందరే, కొంచెం దూరంగా, బిడ్డలూ గిడ్డలూ లేని గొంతుతో: "పోరికి చెప్పిన. పెడ్తది సంతకం. కడ్డీల బస్తాలు ఎనక వరుసల దించాలె. ముసల్ది ఇప్పకుండ చూసుడు నీ పని."

"ఆ ఫోన్ ఇటియ్యి!" మహేందర్ అర్షీన్ మీదికి ఉరికాడు. రాంచందర్ ఫైలు అడ్డం పెట్టాడు. ఎప్పుడూ లేనిది ఆయన కూడా అరిచాడు: "ఆగవయ్యా అక్కడే!"

ఫోనులో ఆ ఎదుటి మనిషి జవాబు ఇవ్వబోయినట్టున్నాడు. మాటకు ముందు దగ్గొచ్చింది. రెండు పొడుగు దగ్గులు. ఒక పొట్టిది.

జైనబ్ బీ చెయ్యి, ముప్పై ఏళ్ల అలవాటున, తనంతట తానే గూట్లోని కషాయం చెంబు మీదికి పోయింది. చెంబు అందుకుని బట్టీ వైపు తిరిగింది. తిరిగి, అట్లాగే నిలబడిపోయింది.

బట్టీ దగ్గర పోశయ్య రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

దగ్గింది షెడ్డులో కాదు.